లంగర్‌లో సుకన్య

18 నవంబర్ 2025, మంగళవారం
రాంగోపాల్‌పేట్

సుకన్య అమృత్‌సర్ వస్తానంది. ఎలా వస్తానందో కూడా రాసి పెట్టుకోవాలి, లేకపోతే రేపు నేనే మరిచిపోయి సంబరపడతాను.

“టికెట్లు బిడ్డ చేసింది గదా, వస్త. వాపస్ వచ్చినంక నేను కరీంనగర్ పోత. అక్క దగ్గరనే ఉంట. మల్ల మల్ల అడగకు.”

చీరకు గంజి పెట్టాలా వద్దా అన్నంత మామూలుగా అంది. ఎన్ని రోజులు అన్నాను. “రోజులు కాదు,” అంది.

అక్క అంటే మా కల్పలత వదిన. కరీంనగర్‌లో బట్టలు కుట్టే షాపు. మేడ మీద గది ఒకటి ఖాళీగా ఉందట. ఆ గదికి సున్నం కూడా వేయించారట. ఈ సంగతి వరంగల్ హాస్టల్లో ఉన్న మా అమ్మాయి సృజనకు తెలుసు. ఇంట్లో ఉన్న నాకు తెలియదు.

ఇరవై నాలుగేళ్ళ కాపురం. తాగుడు లేదు, పేకాట లేదు. మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్ల కొట్టు, కొట్టు మూస్తే ఇల్లు. నాకున్నది ఒకటే అలవాటు, తిండి విషయంలో ఉన్నదున్నట్టు చెప్పడం. బాగుంటే బాగుందంటాను, లేకుంటే లేదంటాను. దీనికి ఇల్లు విడిచి పోతారా ఎవరైనా?

తిరిగొచ్చేలోపు ఆమె మనసు మార్చాలి. దసరా మాట మాత్రం ఎత్తను.

19 నవంబర్, బుధవారం

ప్లాను తయారైంది. మూడు కాగితాలు. అమృత్‌సర్‌లో తినాల్సిన చోట్లు ఇరవై రెండు, ఏ పూట ఎక్కడ, ఏ వీధి గుండా పోతే దగ్గర, అన్నీ రాశాను. నాలుగు రాత్రుళ్ళు వీడియోలు చూసి చేసిన పని. కుల్చా రొట్టె, ఛోలే శనగల కూర, పిన్నీ లడ్డూలు, ఫిర్నీ పాయసం, మీగడ వేసిన లస్సీ. ఈ మనిషికి ఇరవై నాలుగేళ్ళలో ఇంత శ్రద్ధగా ఎవరు చేసి పెట్టారు?

చదివి వినిపించాను. అంతా విని, “గుడికి ఎప్పుడు?” అంది.

“రెండో రోజు పొద్దుగాల ఎనిమిది నుంచి పది దాంక.”

టమాటా పప్పు వడ్డించింది. పోపు మాడిందన్నాను. అనకుండా ఉండాల్సింది. కానీ మాడింది.

21 నవంబర్, శుక్రవారం
రైల్లో

స్టేషన్ అంతా రేకులు కట్టి తవ్వుతున్నారు. ఎటు పోవాలో తెలియక సామానుతో తిరిగి తిరిగి నడుం పట్టేసింది. సుకన్య తన బ్యాగు తనే మోసుకుంది. ఇవ్వమంటే ఇవ్వలేదు.

ఎదురు సీట్లలో తిరుమలగిరి నుంచి ఒక జంట. నరసరాజు గారు, ఆయన భార్య సుబ్బులు గారు. సొంత ఊరు భీమవరం వైపు. వాళ్ళు ఢిల్లీలో కొడుకు దగ్గరికి. కాజీపేట దాటకముందే సుబ్బులు గారు డబ్బా మూత తీసి అందరికీ పులిహోర పెట్టారు. మంచి మనుషులు. అందుకే నిజం చెప్పాను.

“చింతపండు జెర తక్కువైంది అమ్మా. అన్నం సుత ఇంకింత పొడిపొడిగ ఉండాలె.”

ఆవిడ చెయ్యి డబ్బా మీద అలాగే ఆగిపోయింది. నరసరాజు గారు నవ్వేశారు. “మీకు నాలుక మహా చురుగ్గా ఉందండీ ఓంప్రకాశ్ గారూ. నాకు ముప్పయ్యేళ్ళుగా తేడా తెలీలేదు. పెడితే తింటానంతే.”

“తెల్వకపోతే ఎట్లండి, చెప్పకపోతే వాళ్ళకెట్ల తెలుస్తది?” అన్నాను.

“వాళ్ళకి తెలీదంటారా?” అని ఆయన ఇంకొంచెం పెట్టించుకున్నాడు.

సుకన్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాగపూర్ దాకా తిరగలేదు. నాగపూర్‌లో సుబ్బులు గారితో మాత్రం మెల్లగా ఏదో చెప్పింది. ఆవిడ సుకన్య చెయ్యి నిమిరింది. నా గురించే. ఏం చెప్పిందో అడిగితే, “ఏం లే, నారింజలు మంచిగున్నయంటున్న,” అంది.

రైలు వాళ్ళ టీ గురించి రాయను. రాయడం మొదలుపెడితే ఈ పేజీ చాలదు.

22 నవంబర్, శనివారం

ఢిల్లీలో బండి మారి సాయంత్రానికి అమృత్‌సర్ చేరాం. చలి. వేళ్ళు తిరగడం లేదు. ఆమె దారంతా పది మాటలు మాట్లాడి ఉంటుంది, అందులో ఆరు టీ అమ్మేవాడితో.

23 నవంబర్, ఆదివారం
అమృత్‌సర్

ఇవాళ మొదటి కాగితం. తొమ్మిది చోట్లు. అయినవి నాలుగు.

కుల్చా దుకాణం దగ్గర అరగంట నిలబడ్డాం. తందూరు నుంచి తీసి, గుప్పిట్లో నలిపి, పైన వెన్నముద్ద. కుల్చా బాగుంది, ఒప్పుకుంటాను. ఛోలేలో మామిడి పొడి ఎక్కువైంది. దుకాణంవాడికి మన హైదరాబాద్ హిందీలో మర్యాదగానే చెప్పాను. పెద్ద గడ్డం, పెద్ద పొట్ట, పచ్చ తలపాగా. గరిటె ఆపకుండా ఆ మనిషి అన్నదానికి అర్థం ఏమిటంటే, అలాగైతే అన్నగారూ, మీ ఇంటికి వెళ్ళి మీ ఇంటి ఛోలే తినండి అని.

సుకన్య నవ్వింది. పొరపోయేలా నవ్వింది. ఊరుగాని ఊర్లో నలుగురిలో నా పరువు పోతే పెళ్ళాం నవ్వడం! నాకు ఒళ్ళు మండింది. సగం కుల్చా వదిలేసి లేచాను. ఆమె కూర్చుని తనది మొత్తం తిని, చెయ్యి కడుక్కుని వచ్చింది.

తరువాత జలియన్‌వాలా బాగ్. గోడల మీద గుండు దెబ్బలకు చుట్టూ గీతలు గీసి పెట్టారు. ఆమె ఆ గోడ ముందు నిలబడితే కదలదు. లస్సీ దుకాణం దగ్గర రద్దీ పెరుగుతుందని రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతే నా వైపు చూసింది. ఆ చూపు చూసి మూడోసారి చెప్పలేదు. బయటికి వచ్చాక, “లస్సీ కోసం తొందరనా ఈడ?” అంది. అంతే. సిగ్గేసింది. లస్సీ బాగుండలేదు. బాగుండకపోవడానికి లస్సీ కారణం కాదేమో.

గదికి వచ్చాక చెప్పింది. “రేపు నేను గుడి కాడనే ఉంట, పొద్దుమూకే దాంక. నువ్వు నీ కాగితాలు పట్టుకొని పో.”

“ఇద్దరి కోసం రాసిన ప్లాను ఇది.”

“నన్ను అడిగి రాసినవా?”

24 నవంబర్, సోమవారం

వెళ్ళాను, ఒంటరిగానే. మొండికి మొండి.

వీడియోల్లో గొప్పగా చెప్పిన దుకాణాలే అన్నీ. ఒకచోట పూరీ తిని, వెన్న ఎక్కువైందని పక్కకు తిరిగి తెలుగులో అన్నాను. పక్కన ఎవరో సర్దార్‌జీ. ఆయన నా ముఖంలోకి చూసి, మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. రెండోచోట కూడా అలాగే తిరిగాను. అక్కడ గోడ. గోడకు చెప్పుకున్నట్టు అంటారు కదా, నిజంగానే గోడకు చెప్పుకున్నాను. మూడో దుకాణానికి వెళ్ళలేదు.

మధ్యాహ్నం గుడికి వెళ్ళాను, ఆమెను వెతకడానికి. చెప్పులు ఇచ్చి, కాళ్ళు కడిగి, తలకు కాషాయం రుమాలు కట్టుకుని లోపలికి. నీళ్ళ మధ్యలో ఆ బంగారు గుడి చూడగానే ఒక్క క్షణం అన్నీ మరిచిపోయాను. రెండు గంటలు చాలనుకున్నాను దీనికి! సుకన్య ఎక్కడా లేదు. ఫోన్ ఎత్తదు. కాళ్ళు లాగి, జనంతో పాటు లంగర్ హాల్లో, అంటే అందరికీ ఊరికే భోజనం పెట్టే చోట, కింద పట్టా మీద కూర్చున్నాను.

కంచం మంచిది. అరలు పెట్టిన కంచం, మందం తెలుస్తోంది, వేలితో కొడితే గట్టిగా మోగింది. ఇప్పటికి వేలసార్లు తోమి ఉంటారు, అయినా సొట్ట లేదు. మోండాలో ఇలాంటి సరుకు అడిగేవాళ్ళే లేరు. పప్పు వచ్చింది, కూర వచ్చింది, పాయసం వచ్చింది. రొట్టెలు పంచే పెద్దాయన నా ముందు ఆగాడు. నేను కంచం కొంచెం ముందుకు జరిపాను. వెయ్యడు. కుడిచెయ్యి చాపాను. వెయ్యడు. రొట్టె పట్టుకుని నిలబడే ఉన్నాడు. వరుసలో అందరూ నన్నే చూస్తున్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరికే పెట్టే తిండి అయితే ఏం, మనిషిని ఇలా నిలబెట్టి చూస్తారా? లేవబోయాను. పక్కన కూర్చున్న ముసలాయన నా ఎడమచెయ్యి పట్టుకుని కుడిచేతి పక్కన పెట్టాడు. రెండు చేతులూ దోసిలిగా. అప్పుడు రొట్టె పడింది. ఇక్కడ రొట్టె ప్రసాదమట, రెండు చేతులా అందుకోవాలట. తిండి దగ్గర ఎడమచెయ్యి చాపకూడదని మా అమ్మ వీపు మీద కొట్టి నేర్పింది నాకు. ఎడమచెయ్యి ఒళ్ళో దాచుకుని యాభై ఏళ్ళు తిన్నాను. ఇక్కడ అదే తప్పయింది. నాకెవరు చెప్పారు? మూడు కాగితాల్లో ఎక్కడా లేదు ఈ ముక్క. వీడియోల్లో కూడా లేదు, లేదా వాళ్ళు నోట్లోకి పోయేదే చూపిస్తే నేను అదే చూశాను.

పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది. సరిగ్గా ఉంటే సరిగ్గా ఉందనే రాస్తాను.

కంచం ఇచ్చేసి వస్తుంటే వంటశాల. అక్కడ కనిపించింది. యాభై మంది ఆడవాళ్ళ మధ్య కింద కూర్చుని రొట్టెలు చేస్తోంది. మోచేతుల దాకా పిండి. అందరూ కర్రతో ఒత్తుతున్నారు, ఈమె మాత్రం మన జొన్నరొట్టె చేసినట్టు అరచేతులతో తట్టి తట్టి గుండ్రంగా తిప్పుతోంది. పక్కన ఒక పంజాబీ ముసలామె అది చూసి తనూ తట్టబోతే పిండి చిరిగిపోయింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. ఒకరి భాష ఒకరికి రాదు.

పావుగంట నిలబడ్డాను. నన్ను చూడలేదు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో రాయమంటే రాయలేను. ఇంట్లో వంట అంటే ముఖం మాడ్చుకునే మనిషి ఇక్కడ ఎవరికో, పేరు తెలియనివాళ్ళకు, లెక్క లేనంత మందికి చేస్తోంది, నవ్వుతూ చేస్తోంది. మరి నేనేం పాపం చేశాను?

పిలవకుండా గదికి వచ్చేశాను.

25 నవంబర్, మంగళవారం

ఈ రోజు అడిగాను. గుడి చుట్టూ తిరిగే పాలరాతి దారిలో, ఎండలో, నీళ్ళ పక్కన కూర్చున్నప్పుడు. గట్టిగానే అడిగాను.

“ఇంట్ల ముగ్గురికి ఒండుడు తక్లీఫ్. ఈడ లోకానికి ఒండుతున్నవ్. నిన్న సూసిన నిన్ను.”

“సూసినవా? మరి పిల్వలేదేంది?”

ఆమె చేపల వైపు చూస్తూ చెప్పింది.

“ఈడ ఒండెటోళ్ళు ఎవ్వరు రుచి సూడరు. దేవునికి పెట్టకముందు నోట్ల ఏసుకోవద్దంట. తిన్నోళ్ళు సుత ఎట్లున్నదో చెప్పరు. ఎవ్వరు ఏం అనరు. పెడ్తరు, తింటరు, పోతరు. నిన్న పొద్దుగాల పప్పు కాడ ఉప్పు నన్నే ఎయ్యమన్నది బీజీ, గదే, రొట్టెల కాడ నా పక్కన కూసున్న పెద్దామె. మగ్గుతోని కొలిచి ఇచ్చింది. గంత పెద్ద కడాయి. నా చెయ్యి ఒణకలె.”

“చెయ్యి ఒణుకుడేంది?”

“ఇంట్ల ఒణుకుతది. ఉప్పు ఎయ్యంగ. నువ్వు ఎన్నడు సూసినవని?”

“ఎప్పటి సంది?”

“పెండ్లైన ఏడాదే షురూ అయింది. మొదట్ల నవ్వొస్తుండె నాకే. తరువాత నవ్వు పోయింది, ఒణుకు ఉన్నది.”

అప్పుడైనా ఊరుకోవాల్సింది. “గంత భయపడేటట్టు నేనేం కొట్టిన్నా తిట్టిన్నా?” అన్నాను.

“కొట్టలె, తిట్టలె,” అంది. “దసరా నాటి మటన్ ఏం జేసిన్నో ఎన్నడన్న అడిగినవా?”

అడగలేదు. సరే, దసరా సంగతి రాస్తాను. ఎప్పటికైనా రాయాల్సిందే.

పద్నాలుగు మంది భోజనానికి. మా తమ్ముడి వాళ్ళు, కల్పలత వదిన, చుట్టాలు. సుకన్య తెల్లవారకముందే లేచి నాలుగు కిలోల మటన్ వండింది. మొదటి ముద్దకే ముక్క ఉడకలేదన్నాను. కంచం పక్కకు జరిపి, బండి తీసి, హోటల్ నుంచి బిర్యానీ తెచ్చాను. నేనే అందరికీ వడ్డించాను. అందరూ తిన్నారు, పండగపూట బలే తెచ్చినవ్ అన్నారు. వదిన ఒక్కతే సుకన్య కూర వేసుకుని, “మెత్తగనే ఉన్నది గదా,” అంది. “నీ పండ్లు గట్టియి వదినా,” అన్నాను నేను. ఇల్లంతా నవ్వింది. సుకన్య తలుపు దగ్గర నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు నన్ను చూసి నేనే మురిసిపోయాను.

ఉడకని ముక్కలు రెండు. అవి నా కంచంలోవే. మిగతావి నేను తినలేదు కాబట్టి నాకు తెలియదు. ఈ మాట ఇంతవరకు నాకు నేను కూడా చెప్పుకోలేదు.

“మూడొద్దులు నేనే తిన్న ఆ కూర,” అంది ఇవాళ. “పారబొయ్య మనసు రాలె. మంచిగనే ఉండె.”

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, ఏదో ఒకటి అనేవాడిని. లేచి వంటశాలకు వెళ్ళిపోయింది.

26 నవంబర్, బుధవారం

తిరుగు ప్రయాణం. పదహారు చోట్లు మిగిలిపోయాయి. బీజీ సుకన్యకు ఎండబెట్టిన మినప వడియాల పొట్లం ఇచ్చింది, ఇద్దరూ చాలాసేపు కావలించుకున్నారు. నాకు ఆమె నమస్కారం పెట్టింది. నా గురించి ఏమీ తెలియదు కాబట్టి పెట్టింది.

27 నవంబర్, గురువారం
రైల్లో

ఎదురు సీట్లు ఖాళీ. ఇదే అదను అనుకుని బతిమాలాను. నేను ఒకరిని బతిమాలడం ఇదే మొదలు, అందుకే సరిగ్గా రాలేదేమో.

“ఇగ నుంచి తిండి గురించి ఒక్క మాట అననంటున్న. ఒట్టు. నోరు మూసుకొని తింట.”

“నోరు మూసుకుంటవ్. మొఖం ఎట్ల పెడ్తవో నాకు తెల్వదా?”

“మొఖం సుత సరిగనే పెడ్త.”

ఆమె కొంచెంసేపు నిజంగానే ఆలోచించింది. అది చూసి ఆశ పుట్టింది. అంతలో పాకెట్ భోజనం వచ్చింది. మూత తీశాను. పప్పు పల్చగా, నీళ్ళు వేరు పప్పు వేరు. నేను ఏమీ అనలేదు. దేవుడి మీద ఒట్టు, ఒక్క మాట అనలేదు. ముద్ద పెట్టుకుని తలెత్తితే ఆమె నన్నే చూస్తోంది.

“సూడు, పెట్టినవ్,” అంది.

ఏం పెట్టాను? అద్దం లేదు నా దగ్గర.

చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, అక్కడి అద్దంలో నమిలినట్టు నటించి చూసుకున్నాను. పెదవి కుడి పక్కకు పోతోంది. ముక్కు ముడుచుకుంటోంది. మా నాన్న ముఖం అది. అమ్మ వడ్డించి పక్కనే నిలబడేది, ఆ ముఖం చూసి గిన్నె వెనక్కి తీసుకునేది. తలుపు కొట్టారు ఎవరో. బయటికి వచ్చాను.

28 నవంబర్, శుక్రవారం
రాంగోపాల్‌పేట్

వెళ్ళింది. పొద్దున తొమ్మిదిన్నరకు. జూబ్లీ బస్టాండ్ దాకా ఆటోలో తోడు వెళ్ళాను. బ్యాగు ఇవ్వమంటే ఈసారి ఇచ్చింది. కిటికీ సీటు దొరికింది.

“మందులు టైముకు ఏసుకో,” అంది.

“ఎప్పుడొస్తవ్?” అన్నాను. అడగవద్దని మొదటిరోజే చెప్పింది కదా, అయినా అడిగాను.

“సృజన సెలవులకు కరీంనగర్ వస్తది. నువ్వు సుత రా. అక్క ఏం అనదు.”

బస్సు కదిలింది. రెండు గంటలు బస్టాండ్ బెంచీ మీద కూర్చున్నాను, కరీంనగర్ బస్సులు ఒకదాని తరువాత ఒకటి పోతుంటే. చిరాకు. దేని మీద చిరాకో తేలక ఇంకా చిరాకు. కొట్టు తెరవలేదు.

29 నవంబర్, శనివారం

హోటల్ ఇడ్లీ. హోటల్ భోజనం. హోటల్ ఇడ్లీ.

30 నవంబర్, ఆదివారం

పప్పు వండాను.

సృజన ఫోన్‌లో చెప్తూ ఉంది, నేను చేస్తూ ఉన్నాను. కుక్కర్ మూత రెండుసార్లు తప్పు పెట్టాను. మూడు కూతలు రానిచ్చి దించాను. హాస్టల్లో భోజనానికి టైమైందని బిడ్డ పెట్టేసింది. అప్పుడు ఉప్పు కోసం చూస్తే లేదు. అల్మారాలో పదహారు డబ్బాలు, అన్నీ మా కొట్టువే, అన్నీ ఒకే సైజు. ఒక్కొక్కటి మూత తీశాను. చక్కెర, రవ్వ, శనగపప్పు, పల్లీలు, పేరు తెలియనివి నాలుగు. ఇరవై నాలుగేళ్ళుగా రెండు పూటలా ఉప్పు గురించి మాట్లాడినవాడిని, అది ఈ ఇంట్లో ఎక్కడుంటుందో నాకు తెలియదు.

సుకన్యకు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తింది.

“పొయ్యికి ఎడమ దిక్కు. చిన్న జాడీల.”

కళ్ళ ముందే ఉంది.

“ఎంత ఎయ్యాలె?” అన్నాను.

వెనక కుట్టు మిషను ఆడుతున్న చప్పుడు.

“నీకెంత కావాల్నో నీకే ఎర్క,” అంది. గొంతులో కోపం లేదు. పెట్టేసింది.

చెంచా పట్టుకుని నిలబడ్డాను. పావు వేద్దామా, సగం వేద్దామా. పావు వేశాను, తక్కువేమో అనిపించి ఇంకొంత, మళ్ళీ ఇంకొంత. చివరిసారి చెయ్యి జారి చెంచా మొత్తం పడింది.

అన్నంలో కలుపుకుని మొదటి ముద్ద పెట్టుకున్నాను. ఉప్పు కషాయం. నాకు తెలియకుండానే కంచం పక్కకు జరిపాను. కాసేపు అలాగే కూర్చున్నాను. ఎవరూ వచ్చి తియ్యలేదు.

కంచం దగ్గరికి జరుపుకుని మొత్తం తిన్నాను. రెండు చెంబుల నీళ్ళు తాగాను.